ఎడమచేతి ముడి

సర్కారు ఆసుపత్రి అనగానే ముక్కు మూసుకునేవాళ్లే అందరూ. ఆ మందు మానిపించే వార్డు మాత్రం, న్యాయంగా చెప్పాలంటే, శుభ్రంగానే ఉండేది. పది ఇనప మంచాలు, రెక్సిన్ పరుపులు, పూటపూటా ఫినాయిల్ వాసన, గోడ మీద ఎప్పుడూ వెనకబడి నడిచే ఒక గడియారం. తొంభై తొమ్మిదో సంవత్సరం, కార్తీక మాసం. సముద్రంలో వాయుగుండం పట్టిందని విశాఖపట్నం హార్బర్లో బోట్లన్నీ జెట్టీకి కట్టేశారు.

కాసులమ్మ మొగుడు సింహాద్రిని అక్కడ చేర్చి ఆ రోజుకి మూడో రోజు. చేర్చడానికి ఆవిడ పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. రెండుసార్లు ఆటోలోంచి దూకి పారిపోయాడు మహానుభావుడు. రక్తం కక్కుకున్నాక మూడోసారి తనంతట తనే వచ్చి మంచమెక్కాడు.

నర్సు విమలమ్మ మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఏళ్ల తరబడి తాగినవాడికి ఒక్కసారిగా ఆపితే మూడో రోజు గండం. లేనివి కనిపిస్తాయి. తాపీమేస్త్రీ గాల్లో ఇటికలు పేరుస్తాడు, టైలరు లేని మిషను తొక్కుతాడు. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ గుండె ఆగిపోయేది కూడా అప్పుడే. ఆ రోజు దాటితే మనిషి దక్కినట్టే.

"ఆయనకి ఏం కనబడినా కనబడనీ కాసులమ్మా. నువ్వు మాత్రం అవుననకు. ఆయన వెనకాల నువ్వూ అందులోకి పోకు" అంది.

పాత చీర ఒకటి తెమ్మంది. కాసులమ్మ చిలకపచ్చ నేతచీర తెస్తే, నాలుగు వేళ్ల వెడల్పు పీలికలుగా చింపి, సింహాద్రి మణికట్లు రెండూ మంచం పట్టీకి కట్టించింది. కాసులమ్మ వలలు అల్లిన అలవాటు కొద్దీ వలముడి వేసింది. విమలమ్మ కోప్పడింది. ఏదైనా అయితే ఒక్క లాగుకి ఊడిరావాలి గానీ ఈ మొండి ముడులేంటని, తనే విప్పి జారుముడి వేసింది.

సింహాద్రి మొదటినుంచీ తాగుబోతేం కాదు. అందరిలాగే ఆదివారం తాగేవాడు. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున బోటెక్కాల్సిన వంతు అతనిది. రాత్రి తాగి లేవలేకపోయాడు. లేపి లేపి విసిగి, ఇరవయ్యేళ్ల కొడుకు నాగబాబు తండ్రి బదులు వెళ్లాడు. బోటు బోర్లా పడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు. నాగబాబు రాలేదు. శవమైనా రాలేదు. కాసులమ్మ దినం కూడా చెయ్యనివ్వలేదు. కళ్లతో చూడకుండా కొడుక్కి నీళ్లెలా వదలమంటారని కులపెద్దల్ని నిలదీసింది. సింహాద్రి ఆ రోజునుంచి గ్లాసు కింద పెట్టలేదు. కొడుకు పోయాడు, ఈయన కూడా పోతే ఆ ఇంట్లో తనొక్కతీ ఎవరికి వండుకోవాలో కాసులమ్మకి తెలీదు. అందుకే ఈ మూడో రోజు కోసం ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కేసింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు. మూడు గంటలకే వార్డులో మునిమాపులా మసకేసింది. విమలమ్మ కొవ్వొత్తి పట్టుకుని ఆ చివర మంచం దగ్గర ఎవరికో సెలైను సరిచేస్తోంది. గాలికి తలుపు రెక్క ఒకటి కొట్టుకుంటోంది. సింహాద్రి కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు ఇక్కడ లేదు.

కాసేపటికి అతని చేతులు కదిలాయి. జారుముళ్లు రెండూ ఎప్పుడు ఊడాయో ఆవిడ చూడలేదు. ఒక చెయ్యి ముందుకి చాపి, పిడికిలి బిగించి, గుండెల దాకా లాక్కున్నాడు. తర్వాత రెండో చెయ్యి. మళ్లీ మొదటిది. వల లాగుతున్నాడు. ముప్పయ్యేళ్లు చేసిన పని, ఒక్క పట్టు కూడా తప్పలేదు. కాసులమ్మ నర్సమ్మ మాట గుర్తుంచుకుని నోరు కుట్టేసుకుని కూర్చుంది.

"కాసులూ, సెయ్యెయ్యే. బరువుగున్నాది" అన్నాడు సింహాద్రి మెల్లగా.

అవుననొద్దంది నర్సు. కాసులమ్మ అనలేదు. కానీ ఒడ్డున వల లాగుతుంటే అక్కడున్నవాళ్లు ఎవరైనా తాడుకి చెయ్యెయ్యాల్సిందే. అది ఎవరి వల అని అడగరు. నడక వచ్చినప్పటినుంచీ ఆ చేతులకి తెలిసిన మర్యాద అది. ఆవిడ ఆలోచించేలోపే చేతులు ముందుకెళ్లిపోయాయి.

మొదట గాలే. రెండో పట్టుకి కూడా గాలే. మూడో పట్టుకి... అరచేతిలో తాడు. తడిగా, చల్లగా, ఇసక గరగరతో.

ఫినాయిల్ వాసన పోయింది. నాచు వాసన, పచ్చి ఉప్పు వాసన. తాడు అవతల బరువు వేలాడుతోంది. చేప బరువు కాదు. చేప కొట్టుకుంటుంది. ఇది కొట్టుకోవడం లేదు.

"గుంటడే" అన్నాడు సింహాద్రి. అతని మొహంలో వెలుగు చూసి రెండేళ్లయింది.

ఇంక ఏ నర్సు మాటా గుర్తులేదు కాసులమ్మకి. లాగింది. కొడుకు వస్తుంటే ఏ తల్లి లాగదు? తొమ్మిది నెలలు మోసిన బరువు, చేతులకి తెలియదా? లాగింది. మంచం కింద ఎక్కడో నీళ్లు చప్పుడు చేశాయి. ఇంకో పట్టు. ఇంకో పట్టు...

అప్పుడు మొగుడి వైపు చూసింది.

తాడు ఒక మూర ఇటు వచ్చినప్పుడల్లా సింహాద్రి ఒక మూర అటు జరుగుతున్నాడు. సగం మనిషి మంచం అంచు దాటేశాడు. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి... వెతికితే గానీ తెలియడం లేదు. మొహంలో నవ్వు మాత్రం అలాగే ఉంది.

కాసులమ్మ చేతులు ఆగిపోయాయి. వదిలితే కొడుకు. లాగితే మొగుడు. ఏ తల్లికీ రాకూడని ఘడియ అది. ఆవిడ అలాగే తాడు పట్టుకుని నోరు తెరిచి ఏడ్చింది, గొంతు మాత్రం రాలేదు.

మంచం కిందనుంచి వినిపించింది. బాగా దగ్గరగా. నీళ్లు నిండిన గొంతు.

"అమ్మా... ఒగ్గీయే. నాన్న పడిపోతాడు."

ఆవిడ వదిలేసింది.

సింహాద్రి వెర్రికేక పెట్టాడు. చివర మంచం దగ్గరనుంచి విమలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని వెనక్కి లాగి పడుకోబెట్టారు. ఇంజెక్షన్ ఇచ్చింది. నాడి చూసింది, మళ్లీ చూసింది. నిమిషం గడిచాక, పరవాలేదు, నిలబడిందని చెప్పింది. అప్పుడే కరెంటొచ్చింది.

"మళ్లీ ఇదేంటమ్మా?" అంది విమలమ్మ.

సింహాద్రి కుడి మణికట్టుకి చిలకపచ్చ పీలిక కట్టి ఉంది. వలముడి. పీలిక నీళ్లోడుతోంది. రెండో కొస మంచం పట్టీకి లేదు. పరుపు అంచు మీదుగా మంచం కిందికి, బిగుతుగా దిగి ఉంది. వేళ్లతో విప్పబోయింది విమలమ్మ, రాలేదు. చెయ్యి నల్లబడుతోందని ట్రేలోంచి కత్తెర తీసింది.

కాసులమ్మ ముడినే చూస్తోంది. లోకంలో ఎవరు వేసినా వలముడి కుడికి తిరుగుతుంది. ఇది ఎడమకి తిరిగి ఉంది. నాగబాబుది ఎడమచేతి వాటం. వాడు బాగుచేసిన వలని చీకట్లో తడిమినా చెప్పొచ్చు. సరిగ్గా వెయ్యరా అని తండ్రి తిట్టని రోజు లేదు.

"కొయ్యకమ్మా" అంది. అప్పటికే కత్తెర పడింది. తెగిన కొస నేల మీద పడలేదు. అవతలనుంచి ఎవరో లాక్కున్నట్టు సర్రున మంచం కిందికి జారిపోయింది. కాసులమ్మ వంగి చూసింది. గచ్చు తడిగా ఉంది. పీలిక లేదు.

సింహాద్రి బతికాడు. పదో రోజున డిశ్చార్జి చేశారు. ఆ మధ్యాహ్నం సంగతేదీ అతనికి గుర్తులేదు. మళ్లీ మందు వాసన చూడలేదు, అది నిజం. కాసులమ్మ ఎవరికీ చెప్పలేదు. మణికట్టు మీంచి తీసిన ముక్కని, ముడితో సహా, సూదులూ దారాలూ పెట్టే రేకు డబ్బాలో అడుగున దాచుకుంది. కొడుకు మిగిల్చింది అదొక్కటే. వాణ్ని వదిలేసింది తన చేతులేనన్న సంగతి తెల్లారీ పొద్దుగూకీ తినేస్తూనే ఉంది.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం వల కుట్టడానికి సూది కోసం సింహాద్రి ఆ డబ్బా తెరిచాడు. ఆవిడ పొయ్యి దగ్గరుంది. అతను అడుగునున్న పచ్చ పీలికని పైకి తీశాడు.

"ఇది మన గుంటడిది కాదేటే?" అన్నాడు. "ఎన్ని తిట్టినా మార్సుకోనేదు." వేలితో తడిమాడు. "రెండు ముడులూ ఎడంకే తిరిగున్నాయి. ఇంకా తడిగున్నాయేటే ఇయ్యి?"

కాసులమ్మ దాచుకున్నది ఒక్క ముడే.