బయటి మిషన్ ఒకటా, రెండా?

ఏసీ షాపు శాంసన్ మా కాజీపేట ఇంటి గోడను నాలుగోసారి కొలుస్తుంటే నాకు అనుమానం వచ్చింది. గోడ ఏమైనా పెరుగుతుందా? తప్పకుండా దొంగతనానికి దారి చూసుకుంటున్నాడు అనుకున్నాను.

చలికాలం నాకు ఆయాసం. ఎండాకాలం మా అమ్మాయి ఏంజెల్‌కు ఉక్కపోత. అందుకే వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ కావాలంది. దాన్ని హీట్ పంప్ అంటారట. పేలితే ఎవరు దిక్కని అతన్నే అడిగాను.

"పేలదు ఆంటీ, ఫికర్ పెట్టుకోకుండ్రి. అండ్ల మంటనే ఉండది. బయటి గాలిల ఉన్న వేడిని లోపలికి తెస్తది. మన దిక్కు చలి జరంతనే గదా, మస్తు సరిపోతది."

"ఇంతకు మా రెండు రూములకు బయట పెట్టే మిషన్ ఒకటా, రెండా?"

"ఒకటే పెడితే జాగ కలిసొస్తది. కానీ ఒక రూముల వేడి, ఇంకో రూముల చల్లగ ఒకేసారి రాదు. ఇద్దరు ఒక్క మాట మీద ఉండాలె."

ఏంజెల్ పకపకా నవ్వింది. "మా ఇంట్లనా? అయితే వేర్వేరు పెట్టుండ్రి."

"మొన్న ఒకటే అన్నరు గదా మేడం?"

"మనసు మారింది. మళ్లొచ్చి కొలువుండ్రి."

"గురువారం రానా?"

"బుధవారమే రారాదా?"

అతను వెళ్లగానే అమ్మాయిని వంటింట్లోకి లాగాను. "పోలీసులకు చెప్తనే. వాని చూపు మంచిగ లేదు."

ఏంజెల్ ముఖం పాలిపోయింది. "వద్దు మమ్మీ! పిలిచేది నేనే. ఏదో ఒకటి ఖాయం చేస్తే పనైపోతది. ఆయన మళ్ల రాడు."

ఆ రెండు రోజులూ నాకు దొంగ భయం పోయి అల్లుడి బెంగ మొదలైంది. తాగుతాడేమో! పెళ్లయి పిల్లలున్నారేమో!

బుధవారం గుమ్మంలోనే ఆపాను. "తాగుతవా? పెండ్లయిందా?"

"లేదాంటీ! రెండూ లేవు!" టేపు చేతిలోంచి జారిపోయింది.

"మరి గన్నిసార్లెందుకు కొలుస్తున్నవ్?"

శాంసన్ తల దించుకున్నాడు. "కొలత మొదటిసారే సరిగ్గ వచ్చిందాంటీ."

తలుపు చాటున గాజులు గలగలమని, ఏంజెల్ తొంగిచూసింది.

"రెండు వేర్వేరు పెట్టు. ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉంటది," అన్నాను. పని అయిపోయిందని ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. "ఆదివారం చర్చి అయినంక మీ అమ్మను తీస్కరా, మాట్లాడాలె."

ఇద్దరూ ఒకేసారి వెలిగిపోయారు. నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది.

"ఆగు బిడ్డా. రేపు పెండ్లయినంక మీ ఇద్దరికీ ఒకటే రూము గదా. నీకు చల్లగుండాలెనా, వెచ్చగనా?"

"ఏంజెల్ ఎంత పెడితే అంతే, ఆంటీ."