ఉప్పలయ్య విడిచిపోయిన ఆట

భూపాలపల్లిలో గని కార్మికుల కాలనీ చివర ఒక క్యారమ్ గది ఉంది. ఒకప్పుడు అక్కడ ఆట దొరకాలంటే రెండు చాయ్‌లు తాగేంతసేపు ఆగాలి. ఫోన్లొచ్చాక ఆ గదిలో ఈగలు తోలే మనిషి కూడా లేకుండా పోయాడు. ఎవడి తెరలో వాడు మునిగిపోయే కాలంలో, ఎదురుగా మనిషి కూర్చోవాలనే ఆట ఎవడికి కావాలి? అందుకే దేవేందర్ ఆ గదిని కిరాయికి తీసుకున్నాడు. పెద్ద టీవీలు పెట్టి వీడియో గేముల సెంటరు తెరవాలని అతని ఆశ. తమ్ముడు రవి గనిలో పనిచేస్తాడు. అమ్మానాన్నలు పోయాక దేవేందర్‌కు నా అన్నవాడు వాడొక్కడే.

ఆ రోజు పొద్దున షిఫ్టుకు పోతూ రవి గది చూద్దామని ఆగాడు. పాత బోర్డులన్నీ అమ్మేయగా మూలన ఒక్కటి మిగిలింది, దుప్పటి కప్పి. దుప్పటి తీస్తే సగంలో ఆగిన ఆట! అన్నదమ్ములు నవ్వుకుని ఆ బిళ్లలన్నీ చెరిపేసి, పౌడర్ చల్లి, కొత్త ఆట మొదలుపెట్టారు. రవివి తెల్ల బిళ్లలు. ఫోనుకు అలవాటైన వేళ్లకు స్ట్రైకర్ ఓ పట్టాన లొంగలేదు. అయినా రవి చిన్నపిల్లాడిలా కేకలు వేశాడు. అంతలో షిఫ్టు సైరన్ మోగింది.

“అన్నా, గిట్లనే ఉంచు. పైకొచ్చినంక నీ పని చెప్త” అంటూ ఉరికాడు.

సాయంత్రానికి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. రవి వచ్చే వేళ దాటింది, ఫోను కలవడం లేదు. దేవేందర్ వైర్లు సర్దుతున్నాడన్న మాటే గానీ, చెవులు రెండూ గుమ్మం బయటే ఉన్నాయి. పక్క క్వార్టర్లో ఉండే ఎర్రయ్య టార్చి వేసుకుంటూ వచ్చాడు. గనిలో పనిచేసి రిటైరైన ముసలాయన. బోర్డు మీద వెలుగు పడగానే అక్కడే నిలబడిపోయాడు.

“గీ ఆట ఎవలు చెరిపిన్రు?”

“మేమే బాపు. ఏమైంది?”

“సైరన్ మోగితే సగంల ఇడిసిపెట్టి గనిలకు దిగేటోళ్లం. దిగినోడు పైకి వచ్చిందాంక ఆట ముట్టొద్దు. బిళ్లలు అట్లనే ఉంటె మనిషి వస్తడని మా నమ్మకం. అది ఉప్పలయ్య ఆట బిడ్డా. నాతోని ఆడుకుంట, సైరన్ మోగంగనే చెప్పులు ఈడ్నే ఇడిసి ఉరికిండు.”

“మల్ల?”

“రాలే. పైకప్పు కూలింది. మనిషి దొరకనే లేదు. గిన్నేండ్ల సంది నేనే దుప్పటి కప్పుతున్న.” ఎర్రయ్య గొంతు తగ్గించాడు. “ఉప్పలయ్య జాగల ఎవలు కూసున్నరు?”

“రవి... తెల్ల బిళ్లలు వానియే.”

దేవేందర్ బోర్డు మీదికి వంగాడు. బిళ్లలు తీసేయబోతే ఎర్రయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ముట్టకు! నీ తమ్ముడింక లోపల్నే ఉన్నడు. ఇప్పుడిది వాని ఆట. ఆ తెల్ల బిళ్లలు ఒడిసినయంటె వాడు రాడు.”

టార్చి మసకబారింది. గదిలో తడి బొగ్గు వాసన... దాని వెనకే మందు పేలిన పొగ ఘాటు. రవి కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

టక్.

ఒక తెల్ల బిళ్ల దొర్లుకుంటూ పోయి మూలన ఉన్న బొక్కలో పడింది. ఇద్దరూ బోర్డు ముట్టలేదు. టక్... ఇంకొకటి. టక్... టక్... చివరి తెల్ల బిళ్ల కదిలింది. మూల వైపే వస్తోంది.

దేవేందర్ ఎగిరి ఆ బొక్క మీద అరచెయ్యి వేశాడు.

బిళ్ల వచ్చి చేతికి తగిలి ఆగింది. మరుక్షణం బొక్కలోంచి, కింది నుంచి, చల్లటి వేళ్లు అతని అరచేతిని తడిమాయి. చెమ్మగా, గరుకుగా ఉన్నాయి.

“చెయ్యి తియ్యి బిడ్డా...” ఎవరో గుసగుసలాడారు. “ఇంటికి పోవాలె...”

“నా తమ్ముడు రావాలె” అన్నాడు దేవేందర్ ఏడుస్తూ. “సచ్చినా తియ్య!”

వేళ్లు బిగిశాయి. అరచెయ్యి మొద్దుబారింది. అయినా తీయలేదు.

బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడు. ఉన్నట్టుండి వేళ్లు వదిలేశాయి. రవి నిలువునా తడిసి లోపలికి వచ్చాడు. దేవేందర్ వాణ్ని వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“బతికి బయటపడ్డ అన్నా! పైనుంచి బండ ఊడింది. ఎవలో చెయ్యి పట్టి గుంజిన్రు. సూస్తె ఎవ్వలు లేరు.” రవి తల తుడుచుకుంటూ నవ్వాడు. “గేటు కాడ వాచ్‌మెన్ ఒకటే లొల్లి... ‘నీ ఎన్క కూసున్నాయన కాళ్లకు చెప్పులు లేవేంది’ అని. నేనొక్కన్నే వస్తున్న గద!”

ఎర్రయ్య టార్చి గుమ్మం వైపు తిప్పాడు. బయట వానలో బండి స్టాండు మీద ఒరిగి ఉంది. ముగ్గురూ చూస్తుండగానే, వెనక సీటు కింది స్ప్రింగులు, బరువు దిగినట్టు... మెల్లగా పైకి లేచాయి.