అత్తిమాను అవతల అబ్బాయి

"తోటమాలి కొండలు పంపించింది నిన్నేనా? రా, ఈ టేపు పట్టుకో."

అంకమ్మరావు బిత్తరపోయాడు. గురజాల నుంచి పెళ్లిచూపులకు వచ్చిన మనిషి. పెద్దవాళ్లు నరసరావుపేట బజారులో పళ్లు, పూలు కొంటుంటే, పెళ్లికూతురు పనిచేసే కాలేజీ బొటానికల్ గార్డెన్ చూద్దామని ఒక్కడే వచ్చాడు. ఎదురుగా ఆ అమ్మాయే! ఫోటోలో కంటే కళ్లు పెద్దవి. కోపం కూడా పెద్దదే.

"అట్నేనండీ," అన్నాడు బుద్ధిగా.

బోటనీ డిమాన్‌స్ట్రేటర్ హైమావతి కొలుస్తున్నది గార్డెన్‌కంతా పెద్దదైన అత్తిచెట్టును. ఎప్పుడో ఎవరో పైదేశం నుంచి తెచ్చి నాటిన జాతి. వేళ్లు గోడల్లా పైకి లేచి ఉంటాయి. మానుకు చెరో పక్క నిలబడితే ఒకరికొకరు కనపడరు.

"గట్టిగా లాగు! ఏంది ఆ నిలబడటం, పెళ్లికొడుకులాగా?"

అంకమ్మరావు నవ్వు ఆపుకున్నాడు. "అంత తొందరేందండీ?"

"సాయంత్రం పెళ్లిచూపులు. ఎవరో లారీల ఓనరంట. వద్దని చెప్పేస్తా."

టేపు వదులైంది. "మనిషిని చూడకుండానేనా?"

"చూసేదేముంది? గురజాల వచ్చేయమంటారు, ఉద్యోగం మానమంటారు. ఈ చెట్టు మీద నా రీసెర్చి సగంలో ఉంది. ఇంట్లో చెప్తే వినే దిక్కు లేదు."

వాన మొదలై చేటలంత ఆకుల మీద టపటపలాడింది.

"నా లారీలు రోజూ పేటకి వస్తయ్యండీ. ఆఫీసేదో ఇక్కడే పెట్టుకుంటా. మీరు ఉద్యోగం మానొద్దు."

"నీ లారీలేంది?"

హైమావతి వేళ్లు దాటుకుంటూ ఇవతలికి వచ్చింది. అతని కొత్త చొక్కా, బురదైన బూట్లు అప్పుడు చూసింది. ఫోటోలోని ముఖం అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో, మీరా! చెప్పొచ్చుగా!"

"చెప్తే ఇన్ని మాటలు చెప్పేవాళ్లా?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఆఫీసు సంగతి... నిజమేనా?"

"మా నాన్నతో పోట్లాడైనా పెడతా. మీరు మాత్రం వద్దనమాకండి."

హైమావతి మాను మీద పండిన అత్తికాయ కోసి అతని చేతిలో పెట్టింది. "చీల్చి చూసి తినండి. లోపల పురుగులుంటయ్."

ఇద్దరూ పగలబడి నవ్వుతుండగా గొడుగుల కింద హైమావతి తండ్రి నాగభూషణరావు, వెనకే అంకమ్మరావు తండ్రి జక్కయ్య రొప్పుతూ వచ్చారు.

"నాన్నా, పేటలో ఆఫీసు పెడతన్నా," అన్నాడు అంకమ్మరావు.

జక్కయ్య కొడుకునీ, కాబోయే కోడలినీ మార్చి మార్చి చూశాడు. "పెట్టుకోరా. ముందా చొక్కా మార్చుకో."

నాగభూషణరావు కూతురి మీద విసుక్కున్నాడు. "అక్కడ చాపలేసి అందరూ కూర్చున్నారమ్మా! చూపులు మొదలుపెట్టొద్దా?"

హైమావతి తల వంచుకుని నవ్వింది.

"మొదలెట్టేదేంది నాన్నా, అయిపోయినయ్. ముహూర్తం చూడండి."