రోవరుకు పుత్తూరు కట్టు

“కాలు విరిగిపోయింది!” కొంప మునిగినట్టు అరిచాడు మోహన్‌కృష్ణ.

విరిగింది అతని కాలు కాదు, రోవరు ముందుకాలు. తిరుపతిలో వాళ్ల కాలేజీ గ్రౌండునిండా ఎర్రమట్టి, బండరాళ్లు పోసి అంగారకుణ్ణి తయారుచేశారు. దాని మీద రోవర్ల పోటీ ఇంకో గంటలో మొదలవుతుంది.

టీములో కోడింగు చూసే హేమశ్రీ చున్నీ అంచు చించింది. “నాలుగు వెదురుబద్దలు, క్యాంటీన్లో రెండు కోడిగుడ్లు తీసకరాపో.”

“ఆమ్లెట్టు వేస్తావా?”

“పుత్తూరు కట్టు కడతా. మా నాయన ఎముకలు అతికిస్తాడు, తెలీదా?”

“ఇది రోవరు తల్లీ, మేకపిల్ల కాదు!”

“మేకపిల్లకైనా నీకన్నా ఓపిక ఉంటాది. ఎనిమిదో దినం కట్టు మార్సాల. మొత్తం మూడు కట్లు.”

గుడ్డుసొనతో బిగిసిన ఆ కట్టుతోనే రోవరు రాళ్లన్నీ ఎక్కి దిగింది. ఫస్ట్ ప్రైజు వచ్చింది. “కాలికి ఏం చేశారు?” అని జడ్జి అడిగితే మాత్రం, నాటువైద్యమని నవ్వుతారేమోనని మోహన్‌కృష్ణకు నామోషీ అనిపించింది.

“టెంపరరీ అడ్జస్ట్‌మెంట్ సార్” అనేశాడు.

పక్కనే ఉన్న హేమశ్రీ ఒక్క చూపు చూసింది. అంతే, మాటలు బంద్. సెలవులకు ఊరెళ్లిపోయింది. మెసేజీలకు నీలం టిక్కులే తప్ప జవాబు లేదు. ఆమె మీద తనకున్నది ప్రేమేనని అప్పుడు తెలిసొచ్చింది మహానుభావుడికి.

ఎనిమిదో రోజు రోవరును ఒళ్లో పెట్టుకుని పుత్తూరు బస్సెక్కాడు. ఆమె తండ్రి వరదయ్య ఇంటి వరండాలో, కట్లు కట్టుకున్నవాళ్ల మధ్య తనూ వెళ్లి కూర్చున్నాడు.

“ఎవురికప్పా దెబ్బ?” అన్నాడు వరదయ్య.

“దీనికయ్యా. మీ పాప కట్టిన కట్టుతోనే ప్రైజొచ్చింది. అందరి ముందరా ఆ మాట దాచిపెట్టినా. తప్పు నాదే.”

వరండా అంతా వినేలా చెప్పాడు. లోపల గుడ్లు గిలకొడుతున్న చప్పుడు ఆగింది.

వరదయ్య రోవరు కాలు తడిమి చూశాడు. “ఇది బాగుండాదే. నొప్పి వేరే యాడో ఉన్నట్టుండాది. హేమా, ఈ కేసు నువ్వే సూడు.”

హేమశ్రీ గిన్నెతో వచ్చింది. మొహంలో కోపం సగమే మిగిలింది.

“ఇంకా ఎన్ని కట్లు కావాల నీకు?”

“ఎన్నయినా సరే. నువ్వంటే ఇష్టం హేమా.”

చెయ్యి విరిగిన తాత ఒకాయన చప్పట్లు కొట్టబోయి “అబ్బా!” అన్నాడు.

హేమశ్రీ నవ్వాపుకోలేక గిన్నె అతని చేతిలో పెట్టింది. “నాకూ ఇష్టమేలే. ముందు ఇది గిలకొట్టు.”

వరదయ్య గొంతు సవరించుకున్నాడు.

“బాగా గిలకొట్టప్పా. మూడో కట్టుకి మాత్రం ఒక్కడివే రావాకు. మీ అమ్మానాయనల్ని కూడా పిలుచుకోని రా.”