తురాయిపుట్టు రేవులో జవాబు

తురాయిపుట్టు రేవులో పొద్దుగూకాక ఏదీ కొట్టకూడదు. మేకు కొట్టినా, గునపం వేసినా... కొండలోంచి జవాబొస్తుంది. అరకు నుంచి ఆ రిజర్వాయరు దాకా తిరిగే జీపు డ్రైవర్లందరూ ఈ మాటే చెప్పేవారు. జవాబు విని పరిగెత్తుకొచ్చినవాళ్ళే గానీ, ఆగి చూసినవాడు లేడు.

ఒక్కడు తప్ప. వాడు మా భీమిలి వరహాలు, ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రీ. వాడూ ధైర్యంతో ఆగలేదు లెండి. వాడు చెప్పిందే చెబుతున్నాను, నా ముక్క ఒక్కటీ కలపలేదు.

రెండువేల మూడు, డిసెంబరు. రేవులో ధనరాజు అనే ఆసామి పాత ఫైబర్ పడవ నడిపేవాడు. అవతలి ఒడ్డున సంత. ఇవతలి కొండూళ్ళ వాళ్ళకి అదొక్కటే దారి.

"అడుగు మెత్తబడిందిరా వరహాలూ. పైనో పొర ఏసి రంగు కొట్టీ. రేపు సంతకి ఇరవైమంది ఎక్కుతారు," అని చెప్పి ఆఖరి జీపెక్కి వెళ్ళిపోయాడు ధనరాజు.

వరహాలు ఒక్కడే మిగిలాడు. పడవ ఒడ్డున దుంగల మీదుంది. పెట్రోమాక్సు వెలిగించుకుని అందులోకి దిగాడు. ఫైబర్ పడవకి అడుగున చెక్క దూలాలుంటాయి, వాటిమీద ఫైబర్ కప్పేస్తారు. లోపల పుచ్చినా బయటికి తెలీదు. సుత్తితో కొట్టి చెవితో చూడాలి — గట్టి చెక్కయితే టక్కుమంటుంది.

మూడేసి దెబ్బలు కొట్టుకుంటూ వెళ్ళాడు.

డుబ్... డుబ్... డుబ్.

బెజ్జం పెట్టి చూస్తే టీ రంగు నీళ్ళు కారాయి. చెక్క టీలో నానిన రస్కులా ఉంది. దూలాలన్నీ కోసి కొత్తవి వెయ్యాలంటే నాలుగు రోజుల పని. నాకెందుకొచ్చిన గొడవ, పొర వేసేసి పోదాం అనుకున్నాడు. సిగ్గులేకుండా ఆ మాటా నాతో చెప్పాడు. ఆఖరుసారి పడవ ముక్కు దగ్గర కొట్టాడు.

డుబ్... డుబ్... డుబ్.

కొండలోంచి—

డుబ్... డుబ్... డుబ్.

సుత్తి జారిపోయింది. దూకి పారిపోదామని కాలు గట్టిగా తన్నాడో లేదో, పుచ్చిన అడుగు ఫట్టుమని విరిగి తొడదాకా దిగబడిపోయాడు. లాగితే రాదు!

కొండమీద ఒక దీపం. తర్వాత మూడు. తర్వాత వరస... మాట లేదు, దగ్గు లేదు. దిగుతున్నాయి — రేవుకే.

వరహాలు పైడితల్లిని పిలిచాడు, ఆంజనేయుణ్ణి పిలిచాడు, మిషన్ బళ్ళో నేర్చిన ప్రార్థన సగం చదివాడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళొస్తారని.

దీపాలు పడవ చుట్టూ ఆగాయి. ఓ ముసలామె చెయ్యి చాచి, వాడి ముందు ఆకుదొప్పలో బియ్యం పెట్టింది. నాకు పిండం పెట్టేస్తన్నారు బాబోయ్ అనుకున్నాడు వరహాలు.

"ఎవులు పోనారు నాయినా?" అంది మెల్లగా.

"నే... నేనింకా పోనేదమ్మా!"

ఆమె పై ఊరి సోములమ్మ. ఆ కొండల్లో ఎవరైనా పోతే డోలు మీద మూడు దెబ్బలు కొడతారట. విన్న ఊరు తిరిగి మూడు కొట్టి, బియ్యం కట్టెలు పట్టుకుని చావింటికి బయల్దేరుతుంది. ఏడ్చేవాణ్ణి ఒంటరిగా వదలరు. ఎంత మంచి మనుషులు!

"ఎప్పుడొచ్చినా ఇక్కడ ఎవులూ ఉండరు," అంది సోములమ్మ. "ఈ రేవులో ఏదో దెయ్యమున్నాదని మావూ అనుకున్నాం."

ఆ మాటకి వరహాలుకి ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నిజమూ వచ్చేసింది. పోయింది పడవేనన్నాడు. దూలాలు పుచ్చిపోయాయనీ, పైపొర వేసి రేపు వాళ్ళని ఎక్కించబోయామనీ చెప్పేశాడు.

సోములమ్మ వాడి తొడ చుట్టూ విరిగిన అడుగు చూసింది. వెనక్కి తిరిగి తనవాళ్ళని చూసింది. రేపు సంతకెళ్ళాల్సినవాళ్ళే అందరూ.

"ఒక్కరోజు ముందే వచ్చీసినాం బాబూ," అంది, దొప్ప తిరిగి చేతిలోకి తీసుకుంటూ. "ఈ బియ్యం రేపు మాకోసం తేవాల్సినవి."