ఇంకా లోపలికి రా

దారిలో కంగారూ చచ్చిపడి ఉంటే బండి ఆపాలి, పొట్టసంచిలో పిల్ల బతికుందేమో చూడాలి. చూడకుండా పోయేవాణ్ణి టాస్మేనియాలో మనిషి కింద జమకట్టరు. ఆ ఉదయం గైడు ఇసోబెల్ కూడా యాత్రికుల బస్సు ఆపించింది. సంచిలో బొచ్చయినా రాని పిల్ల కొట్టుకుంటోంది.

"అయిపోయింది! ఇక మమ్మల్నందర్నీ గాలికొదిలేసి దీనికి తల్లివైపోతావ్," అన్నాడు డ్రైవర్ క్లైవ్.

"నోర్ముయ్ ముసలాయనా! ఒంటివేడి తగలకపోతే సాయంత్రానికి చస్తుందిది."

ఉన్ని టోపీలో చుట్టి, గుండెకి ఆనించుకుని కోటు మూసేసింది.

తర్వాత జంతువుల పార్కులో డెవిల్స్ అనే నల్లటి చిన్న మృగాలు మాంసం కోసం కొట్టుకోవడం చూపించింది. మధ్యాహ్నం పాత ఖైదీల జైలు. యాత్రికులు చీకటికొట్లోకి తొంగిచూసి, నవ్వుకుని, టీకి వెళ్లిపోయారు. ఎవరైనా మిగిలారేమోనని ఇసోబెల్ ఒక్కతే లోపలికి అడుగేసింది. వెనకాల తలుపు పడింది.

"క్లైవ్! వేళాకోళం చాలు, తియ్!"

ఖైదీ అరుపు బయటికి పోకూడదని కట్టిన గోడలవి. తన గొంతు తనకే వినపడలేదు. కళ్లముందు చెయ్యి కనపడలేదు. తడిరాతి వాసన... దాని కింద ఎవరిదో చెమట వాసన. తలుపు గుద్దింది, తన్నింది. లోపలివైపు పిడి లేదు. ఆమెకి ఏడుపొచ్చేసింది.

కోటులో పిల్ల వణికింది.

"భయపడకు కన్నా... దగ్గరికి రా... ఇంకా లోపలికి రా..." అంటూ బుజ్జగించింది.

"రానా?"

చెవి పక్కనే. మగగొంతు. ఏళ్ల తరబడి మాట్లాడక బొంగురుపోయిన గొంతు.

ఇసోబెల్ ఊపిరి బిగబట్టింది. బదులు పలకకూడదనుకుంది. అయ్యో, పిలవడం ఎప్పుడో అయిపోయిందిగా!

కోటు బరువెక్కింది. మెల్లగా... ఇంకొంచెం... వణుకు ఆగింది. పిల్ల నిద్రపోయింది కాబోలనుకుని రెండు చేతులా అదుముకుంది. ఏమైనా సరే, దీన్ని బతికించాలి.

తలుపు కిర్రుమంది. వెలుగు. ఎదురుగా క్లైవ్, చెమటలు కక్కుతూ.

"గడియ బిగుసుకుపోయింది తల్లీ, తీసేసరికి నా ప్రాణం పోయింది. అది సరే... దీన్ని గుమ్మం బయట వదిలేశావేం?"

అతని అరచేతుల్లో ఉన్ని టోపీ. అందులో పిల్ల వణుకుతోంది. బతికే ఉంది.

ఇసోబెల్ మెల్లగా తల వంచింది. కోటు ఉబ్బి ఉంది... ఊపిరి తీస్తోంది. విప్పి పారెయ్యాలని పైగుండీ లాగింది. విడింది. రెండోది లాగింది.

లోపల్నుంచి చల్లటి వేళ్లు వచ్చి, పైగుండీ మళ్లీ పెట్టేశాయి.