అరువు చేతికర్ర

మంచి వైద్యమేదో మనసులో తెలిసి ఉండి కూడా ఆయన మా నాన్నకి రెండోది చేశారా?

ఈ ఒక్క అనుమానం ఆమె నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోవడం ఏళ్ళ తరబడి జరుగుతూనే ఉంది. భర్తకి అన్నం వడ్డిస్తుంటే వచ్చేది. దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే వచ్చేది. “స్వామీ, ఈ పాపపు ఆలోచన నాకెందుకు ఇచ్చావు?” అని అడిగేది. జవాబుకి బదులు వరండాలో చేతికర్ర చప్పుడు వినిపించేది. టక్... టక్... తండ్రి పోయాక కూడా.

ఆమె భర్త ఎముకల డాక్టరు. ప్రమాదాల్లో విరిగిన ఎముకల్ని అతికించడం, మెడికల్ కాలేజీలో పాఠం చెప్పడం, మిగిలిన కాస్త టైములో పరిశోధన చేయడం, ఇదే ఆయన జీవితం. తుంటి దగ్గర తొడ ఎముక విరిగితే లోపల రాడ్ వెయ్యడం మేలా, పక్కన ప్లేటు బిగించడం మేలా అన్నది అప్పట్లో ఆయన పరిశోధన. ఒప్పుకున్న రోగులకి మూసిన కవరు ఒకటి తెరిచేవారు. ఏది వెయ్యాలో డాక్టరు కాదు, కవరులోని చీటీ చెప్పేది.

బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డ ఆమె తండ్రికి చీటీలో ప్లేటు వచ్చింది. ఎముక అతికింది గానీ కాలు పొట్టిదైపోయింది. వియ్యంకుడి పాత చేతికర్ర అరువు తీసుకుని, పోయేవరకూ ఈ ఇంటి వరండాలోనే కుంటుతూ నడిచారు. ఆ పరిశోధనతోనే భర్త ప్రొఫెసరయ్యారు. సన్మానానికి ఆమె తలనొప్పి వంకతో వెళ్ళలేదు. మా నాన్న కుంటికాలి మీద కాలుపెట్టి పైకెక్కారు అనుకుంది. ఆ తర్వాత ఆ పరిశోధన మాట ఆయన ఎత్తబోతే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆయన ఎత్తడం మానేశారు.

ఆరోజు పొద్దున అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“ఏమ్మాయ్, మీ నాన్న తీసుకున్న మా ఆయన కర్ర ఇంకా దొరకలేదా? నా కాళ్ళూ పట్టు తప్పుతున్నాయి మరి.”

“వెతుకుతున్నాను అత్తయ్యా.”

“ఎన్నాళ్ళు వెతుకుతావే? కర్రేగా, కాళ్ళొచ్చి పారిపోయిందా?”

ఆమె నవ్వుతూ పాలు స్టవ్ మీద పెట్టింది. కర్ర ఎక్కడుందో ఆమెకి తెలుసు. తన బీరువా వెనక, పాత చీరలో చుట్టి దాచింది. తండ్రి అరచెయ్యి రాసుకుని నున్నబడ్డ ఆ పిడిని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

పాలు పొంగుతున్నాయని స్టవ్ తగ్గించేలోపు స్నానాలగదిలో ధబ్బుమని చప్పుడైంది.

అత్తగారు తడినేల మీద పడి ఉంది. ఒక పాదం పక్కకి తిరిగిపోయింది. “కాలే జారిందిలే,” అంది పళ్ళు బిగబట్టి. “నోరు జారితే కదా వెనక్కి తీసుకోలేనిది.”

సగం గడ్డం గీసుకుని సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చిన భర్త ఆ పాదాన్ని చూడగానే పక్కనే కూర్చుని కాలు కదలకుండా పట్టుకున్నారు. ఇంతలేసి ప్రమాదాలు చూసిన మనిషి ముఖం సున్నం కొట్టినట్టయింది. అప్పుడెప్పుడో స్టూలు పక్కన పడ్డ తండ్రి పాదం కూడా అచ్చం అలాగే తిరిగి ఉండటం ఆమెకి గుర్తొచ్చింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. అదే ఎముక, అదే చోటు. భర్త తన దగ్గర చదువుకుని ఇప్పుడు అక్కడే పనిచేస్తున్న డాక్టరుతో చెబుతుంటే ఆమె చెవిన పడింది.

“రాడ్ వేసెయ్. ఇంకేం ఆలోచించకు.”

ఆమె ఆయన గదిలోకి వెంట వెళ్ళి తలుపు వేసింది.

“మీ అమ్మకి చీటీ లేదా?”

ఆయన తలెత్తారు. “ఏమిటీ?”

“మా నాన్నని చీటీకి వదిలేశారు కదా! మీ అమ్మ అనేసరికి కవరు గుర్తురాలేదా? మా నాన్న ఎముక పరీక్షకి, మీ అమ్మ ఎముక ప్రాణానికీనా?”

“మెల్లిగా... బయట అమ్మ ఉంది.”

“ఇన్నేళ్ళూ మెల్లిగానే ఉన్నాను. ఇవాళ చెప్పండి. ఏది మంచిదో మీ మనసుకి అప్పుడే తెలుసా, తెలీదా?”

ఆయన కంప్యూటరులో అత్తగారి ఎక్స్‌రే పక్కన ఇంకోటి తెరిచారు. పొగలా తెల్లటి ఎముక, దాని పక్కన ప్లేటు, మేకుల వరస. పేరు లేదు. అయినా ఆమెకి తెలిసిపోయింది. “నాన్న...” అంది.

“ఏటా పిల్లలకి మొదటి పాఠం దీంతోనే మొదలుపెడతాను. ఎవరిదో చెప్పను. చూసినప్పుడల్లా...” ఆయన ఆ బొమ్మని మూసేశారు. “తెలుసా అన్నావు. తెలీదు. కానీ మనసు రాడ్ వైపు మొగ్గింది. అబద్ధం చెప్పను. కవరులో ప్లేటని చూడగానే చించి పారేద్దామనిపించింది. మామయ్యగారు నా మొహం చూసి పసిగట్టేశారు.”

“ఏమన్నారు?”

“ఆయన తూనికల ఆఫీసు మనిషి కదా! ‘అల్లుడుగారూ, ఉద్యోగమంతా కొట్లలో దొంగ తూకాలు పట్టుకున్నాను. ఇంట్లోవాణ్ణని నాకోసం తక్కెడ ముల్లు వంచుతారా? వచ్చిందే కానివ్వండి’ అన్నారు. ‘అమ్మాయికి మాత్రం చెప్పకండి, నాతో పోట్లాడుతుంది’ అన్నారు.”

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. ఆ గొంతు, ఆ ముల్లు మాట, అచ్చం నాన్నే.

“రాడ్ మేలని ఆ పరిశోధనే తేల్చింది,” అన్నారాయన. “ప్లేటు పడ్డవాళ్ళలో అంతమంది కుంటబట్టే అది తేలింది. అందుకే ఇవాళ ఎవరికీ చీటీ లేదు. అమ్మకే కాదు, ఇలాగే విరిగి బయట బల్ల మీదున్న రిక్షా అతనికీ రాడే. మామయ్యగారికి నా చేత్తోనే ప్లేటు బిగించాను. అమ్మకి మాత్రం నా చెయ్యి వద్దు. ఆ కర్ర చప్పుడు... పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే వినిపిస్తుంది నాకు. చెయ్యి ఆగిపోతుంది.”

ఆమె ఉలిక్కిపడి చూసింది. “మీక్కూడానా?”

ఒకే ఇంట్లో, ఒకే చప్పుడు విని, ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఇన్నేళ్ళు వణికారన్నమాట. ఆయన మనసు మొగ్గిన సంగతి విన్నాక అనుమానం పూర్తిగా పోలేదు. కానీ ఆ బరువుని ఆయన కూడా ఒకవైపు పట్టుకుని ఉన్నారని తెలిసింది. సగం గీసిన ఆ గడ్డం మీద ఎండిన నురగని చీర చెంగుతో తుడుస్తుంటే ఇద్దరికీ ఏడుపాగలేదు.

రాడ్ పడింది. అత్తగారు వాకరుతో వంటింటిదాకా, తర్వాత గోడ పట్టుకుని వరండాదాకా వచ్చింది. ఒక పొద్దున కుర్చీలోంచి అరిచింది.

“ఏమ్మాయ్! ఇక ఏదైనా ఊతకర్ర కొనిపెట్టవే. ఆ ఇనప బండితో తిరగలేను.”

ఆమె వెళ్ళి బీరువా వెనక నుంచి పాత చీర మూట తీసింది. పిడిని ఒకసారి చెంపకి ఆనించుకుంది. దేవుడి ముందు నిలబడి ఈసారి ఏమీ అడగలేదు. తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

“మా నాన్న బాకీ, అత్తయ్యా. ఇది నా దగ్గరే ఉంది.”

అత్తగారు పిడిని తడిమి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ నోరు ఊరుకోలేదు.

“ఉందని తెలుసులేవే. బీరువా వెనక తుడవనిచ్చేదానివా పనిమనిషిని? సరేగానీ, వడ్డీ ఏదీ?”

“కాఫీ పెడతాను.”

“చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి. ఏళ్ళ బాకీ మరి.”

అత్తగారు లేచి వరండాలోకి నడిచింది. టక్... టక్... లోపల అద్దం ముందు భర్త చేతిలో రేజరు ఆగిపోయింది. ఆమె వంటింట్లోంచే తొంగి చూసింది.

“అత్తయ్యేనండీ,” అంది. “మీరు గడ్డం కానివ్వండి.”